ధ్యాస కలిపే పదమూడు మీటర్లు

డిసెంబరు, జనవరి నెలల్లో చోడవరం నుంచి వడ్డాది మీదుగా మాడుగుల వెళ్లే రోడ్డు మీద తెల్లవారకముందే రెండు తరహాల రాకపోకలు కలుస్తాయి. ఒకటి చుట్టుపక్కల ఊళ్లది. చెరకు నరికి, ట్రాక్టరు ట్రక్కుల మీదో ఎడ్లబళ్ల మీదో ఎత్తుగా కట్టి, షుగర్ ఫ్యాక్టరీకో బెల్లం గానుగలకో తోలే సీజన్ అది. రెండోది విశాఖపట్నం నుంచి వచ్చేది. పాడేరు ఘాట్ ఎక్కి, పొద్దుపొడుపు వేళకు వంజంగి కొండ మీద నిలబడి మేఘాలు చూడాలని బయల్దేరిన కార్లు, బైకులు. పెద్దేరు పక్క పొలాల మీద మంచు దట్టంగా దిగే వేళ కూడా సరిగ్గా అదే. ఈ మూడూ కలిసిన చోట డ్రైవరుకు మనం ఇచ్చే సలహా ఒకటే: జాగ్రత్తగా చూసుకుని నడుపు. ఆ సలహా పాటించినవాడి మెదడులో నిజంగా ఏం జరుగుతుంది, అది ఎంతవరకు పనికొస్తుంది అన్నది గత నాలుగు దశాబ్దాల నాడీశాస్త్రం కొలిచి చూసింది. ఆ కొలతలు చెప్పే సంగతి ఇది: ధ్యాస పెట్టినప్పుడు చూపే మారుతుంది. మెదడులోని దృశ్య నాడీకణాల మటుకు, ఒక వస్తువు మీద ధ్యాస పెట్టడమూ ఆ వస్తువు కాంట్రాస్ట్ కొంత పెరగడమూ దాదాపు ఒకటే. ఆ ‘కొంత’ ఎంతో తెలిస్తే, డ్రైవరు జాగ్రత్త మీద ఎంత భారం వేయవచ్చో, ఎక్కడ ఆపాలో లెక్కగట్టి చెప్పవచ్చు.

ముందు కాంట్రాస్ట్ సంగతి. మన కన్ను వెలుతురును లైట్‌మీటరులా కొలవదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న బొగ్గు ముక్క నుంచి మన కంట్లో పడే కాంతి, సాయంత్రం గదిలో ఉన్న తెల్ల కాగితం నుంచి వచ్చే కాంతికన్నా ఎక్కువే. అయినా బొగ్గు నల్లగానే, కాగితం తెల్లగానే కనిపిస్తాయి. ఎందుకంటే రెటీనా మొదలుకొని పై దాకా నాడీకణాలు పట్టించుకునేది మొత్తం వెలుతురును కాదు, పక్కపక్కన ఉన్న రెండు చోట్ల మధ్య తేడాను. ఆ తేడా చుట్టూ ఉన్న వెలుతురులో ఎంత వంతు అన్నదే కాంట్రాస్ట్. తెల్ల గోడ మీద నల్ల పెయింటు అక్షరానికి అది 100 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీర మీది పువ్వుకు 5 శాతమో 10 శాతమో ఉండొచ్చు. సున్నా అయితే చూడటానికి అక్కడ ఏమీ లేనట్టే, ఆ వస్తువు ఎంత పెద్దదైనా సరే.

మంచు చేసే పని ఈ తేడాను తినేయడమే. నీటి తుంపరలు వస్తువు నుంచి రావలసిన కాంతిని దారిలోనే చెదరగొడతాయి, పైగా ఆకాశపు వెలుతురును కంటికీ వస్తువుకూ మధ్య తెల్లగా పరుస్తాయి. 1924లో జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ దీనికి ఒక సూత్రం కట్టాడు. దూరం పెరిగేకొద్దీ కాంట్రాస్ట్ చక్రవడ్డీ లెక్కకు తిరగేసిన తీరులో, ప్రతి మీటరుకూ ఇంత వంతు చొప్పున తరుగుతుంది. ఇప్పటికీ వాతావరణ శాఖలు ‘దృశ్యమానత’ అని ప్రకటించే అంకె వెనక ఉన్నది ఈ సూత్రమే. నల్లటి వస్తువు కాంట్రాస్ట్ 5 శాతానికి పడిపోయే దూరాన్ని దృశ్యమానత అంటారు. అంటే 100 మీటర్ల దృశ్యమానత ఉన్న ఉదయం, అంత దూరంలో ఆగి ఉన్న చెరకు ట్రక్కు వెనకభాగం కాంట్రాస్ట్ 5 శాతం. 50 మీటర్లకు దగ్గరైతే అది 22 శాతం. 33 మీటర్లకు వస్తే 37 శాతం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 17 మీటర్లు తింటుంది కాబట్టి, నూరు మీటర్ల నుంచి యాభై మీటర్లకు రావడానికి పట్టేది మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో డ్రైవరు మెదడు ముందు ఉన్నవి 5 నుంచి 22 శాతం దాకా ఉన్న అంకెలు. ధ్యాస ఎక్కువగా పనిచేసేది కూడా సరిగ్గా ఈ పరిధిలోనే.

తల వెనకభాగంలో ఉన్న దృశ్య వల్కలంలో ప్రతి నాడీకణానికీ చూపులో తనదైన ఒక జాగా ఉంటుంది. ఆ జాగాలో తనకు నచ్చిన వాలులో గీతో అంచో పడినప్పుడు అది చురుగ్గా విద్యుత్ స్పందనలు వెలువరిస్తుంది. దీన్ని 1959 నుంచి వరుసగా చూపించిన డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్‌లకు 1981లో నోబెల్ దక్కింది. అదే గీతను మసగ్గా మొదలుపెట్టి క్రమంగా స్పష్టం చేస్తూ పోతే కణం స్పందన తిన్నగా పెరగదు. కింద కొంతమేర దాదాపు ఏమీ ఉండదు, మధ్యలో నిటారుగా లేస్తుంది, పైన చదునైపోతుంది. పిల్లి, కోతి మెదళ్లలో ఈ వంపును 1982లో ఆల్‌బ్రెక్ట్, హామిల్టన్ జాగ్రత్తగా కొలిచారు. దాని లెక్క చాలా సులువైనది. ఉదాహరణకు గరిష్ఠంగా సెకనుకు 60 స్పందనలు ఇవ్వగల, 20 శాతం కాంట్రాస్ట్ దగ్గర అందులో సగం ఇచ్చే ఒక కణాన్ని ఊహించుకుందాం. లెక్క ప్రకారం 5 శాతం దగ్గర అది సెకనుకు మూడు నాలుగు స్పందనలతో సరిపెడుతుంది. 10 శాతానికి 12, 20 శాతానికి 30. ఇక 80 శాతానికి 56. అక్కడి నుంచి కాంట్రాస్ట్‌ను ఎంత పెంచినా దానికి పెద్దగా పట్టదు, అప్పటికే ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది.

ఇప్పుడు ఈ కణం ముందు బొమ్మను ఏమాత్రం మార్చకుండా, చూసేవాడి ధ్యాసను మాత్రమే అటు తిప్పితే ఏమవుతుంది? అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జాన్ రేనాల్డ్స్, టాటియానా పాస్టర్నాక్, రాబర్ట్ డెసిమోన్ 2000లో చేసిన ప్రయోగం ఈ ప్రశ్న కోసమే. కోతులు తెర మధ్య చుక్క మీద చూపు నిలిపి ఉంచాలి, కన్ను కదపకూడదు. తెరకు రెండు పక్కలా వేర్వేరు కాంట్రాస్ట్‌లలో చారల బొమ్మలు వచ్చి పోతుంటాయి. ఈసారి ఏ పక్కన గమనించాలో ముందే సూచన ఉంటుంది, అక్కడ లక్ష్యం కనబడగానే చెబితే బహుమానం. శాస్త్రజ్ఞులు వి4 అనే ప్రాంతంలో కణాల స్పందనలు నమోదు చేశారు. ధ్యాస తన జాగా మీద ఉన్నప్పుడు ఒక లెక్క, అదే బొమ్మ అదే చోట ఉండి ధ్యాస అవతలి పక్కన ఉన్నప్పుడు ఇంకో లెక్క. తేలిందేమిటంటే, బాగా స్పష్టమైన బొమ్మల దగ్గర ధ్యాస వల్ల తేడా దాదాపు లేదు. మసక బొమ్మల దగ్గర తేడా బాగా ఉంది. మొత్తం వంపు ఆకారం మారకుండా మసక వైపుకు జరిగింది. సగటున చూస్తే ఆ జరుగుడు, బొమ్మ కాంట్రాస్ట్‌ను సుమారు 51 శాతం పెంచిన దానితో సమానం. రెండేళ్ల తరువాత 2002లో హూలియో మార్టినెజ్-ట్రుహియో, స్టెఫాన్ ట్రాయె కదలికను గుర్తించే ఎమ్‌టీ అనే వేరే ప్రాంతంలో ఇలాంటి ప్రయోగమే చేస్తే అక్కడా అంకె ఇంచుమించు 50 శాతమే వచ్చింది. వేరే చోట, వేరే రకం బొమ్మలతో చేసినా ఒకే అంకె దగ్గరికి రావడం చిన్న విషయం కాదు.

మన ఊహాకణానికి ఈ అంకెను తగిలిస్తే సంగతి కళ్లకు కడుతుంది. 5 శాతం బొమ్మ 7.5 శాతం అయినట్టు పనిచేస్తుంది, స్పందన మూడున్నర నుంచి ఏడు దాటుతుంది, అంటే రెట్టింపుకు పైనే. 10 శాతం దగ్గర 12 కాస్తా 22 అవుతుంది. 20 శాతం దగ్గర 30 పోయి 42. కానీ 80 శాతం దగ్గర 56 నుంచి 58కి చేరి ఆగిపోతుంది. ధ్యాస అన్నిటినీ ఒకే తీరున పెంచే గుణకం కాదని, లేమిలో ఉన్నదానికే సాయం చేస్తుందని ఈ నాలుగు అంకెలు చెబుతాయి. పట్టపగలు ఎర్ర బస్సును తదేకంగా చూసినా చూడకపోయినా అది అంతే ఎర్రగా, అంతే స్పష్టంగా ఉండటానికి కారణం ఇదే.

దీనికి మొదటి అభ్యంతరం చాలా పాతది. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫెక్‌నర్, ఎంత పట్టుదలగా చూసినా బూడిదరంగు కాగితం తెల్లబడదని వాదించాడు. నిజమే కదా అనిపిస్తుంది. ధ్యాస చూపునే మారుస్తుంటే లోకం క్షణక్షణానికీ రంగు మార్చుకుంటున్నట్టు కనబడాలి. 2004లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మారిసా కరాస్కో, సామ్ లింగ్, సారా రీడ్ ఈ ప్రశ్నను మనుషుల మీదే తేల్చబోయారు. తెర మీద రెండు చారల బొమ్మలు, ఒకటి అటు ఒకటి ఇటు. ఏది స్పష్టంగా ఉందో దాని చారలు ఎటు వాలి ఉన్నాయో చెప్పాలి. బొమ్మలు రాబోయే ముందు ఒక పక్కన చిన్న చుక్క మెరిసి మాయమవుతుంది, ధ్యాస అసంకల్పితంగా అటు పోతుంది. చుక్క మెరవడం నుంచి బొమ్మ రావడం దాకా గడిచేది సెకనులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ. కన్ను కదలడానికి ఆ వ్యవధి చాలదు. ఫలితం: చుక్క మెరిసిన పక్కనున్న మసక బొమ్మ, అవతలి పక్కనున్న ఇంకాస్త స్పష్టమైన బొమ్మకు సమానంగా కనిపించింది. ఫెక్‌నర్ చూసింది కాగితాన్ని, అదీ మంచి వెలుతురులో, చూపు తిన్నగా దాని మీదే పెట్టి. ఆ వంపు పైభాగం చదునుగా ఉంటుందని తెలిసిన తరువాత ఆయనకు తేడా ఎందుకు కనబడలేదో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

అయితే ఈ ప్రయోగాన్నీ ఊరకే వదల్లేదు. కీత్ ష్నైడర్, మార్సెల్ కామ్లోస్ 2008లో గట్టి ప్రశ్నే వేశారు. చుక్క మెరిసిన పక్క బొమ్మను ఎంచుకోవాలన్న మొగ్గు మనిషిలో ముందే ఉంటే, కనిపించినదాంట్లో మార్పేమీ లేకపోయినా జవాబు అటే వస్తుంది. అందుకని ఏది ఎక్కువో అడగకుండా రెండూ సమానమా కాదా అని అడిగారు, అప్పుడు ప్రభావం మాయమైంది. ఇది తోసిపుచ్చదగ్గ అభ్యంతరం కాదు, మనిషి నోటి మాట మీద ఆధారపడిన ఏ ప్రయోగానికైనా తగులుతుంది. కానీ కరాస్కో బృందం మొదటి వ్యాసంలోనే దీనికి సగం జవాబు పెట్టింది. ఏది తక్కువ స్పష్టంగా ఉందో చెప్పమని ప్రశ్న తిరగేసినప్పుడు జనం చుక్క లేని పక్కనే ఎంచుకున్నారు. చుక్క మీది మొగ్గే కారణమైతే ప్రశ్న మారినా జవాబు చుక్క పక్కే ఉండాలి. చుక్కకూ బొమ్మకూ మధ్య అర సెకను విరామం ఇస్తే ప్రభావం పోయింది, అసంకల్పిత ధ్యాస ఆపాటికి చెదిరిపోతుంది కాబట్టి. 2010లో అదే బృందం, సమానమా కాదా అన్న పద్ధతిలోని లోపాన్ని చూపించి, దాన్ని సరిచేస్తే ఆ పద్ధతిలోనూ ధ్యాస ప్రభావం కనబడుతుందని నిరూపించింది. నాకు వీటన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం కోతి మెదడు నుంచి వచ్చినదే. టిరిన్ మూర్, కేథరిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2003లో, కంటి కదలికలను నడిపే ముందుమెదడు ప్రాంతానికి కన్ను కదలనంత సన్నని విద్యుత్తు ఇచ్చారు. దూరంగా ఉన్న వి4 కణాల స్పందన వెంటనే పెరిగింది, అదీ ఆ విద్యుత్తు ఏ జాగాకు సంబంధించిందో ఆ జాగాలో బొమ్మ ఉన్నప్పుడే. ఇక్కడ మొగ్గు చూపడానికి, బహుమానం ఆశించడానికి ఆస్కారమే లేదు. ధ్యాస వచ్చే దారిలో మీట నొక్కితే చూపు కణం లేచింది.

ఇంకో అభ్యంతరం శాస్త్రజ్ఞుల మధ్యనే పుట్టింది, ఇది మరీ చిక్కైనది. కారీ మెక్ఆడమ్స్, జాన్ మాన్సెల్ 1999లో వి4 కణాలు కొలిచినప్పుడు ధ్యాస స్పందనను ఒకే నిష్పత్తిలో, సుమారు పావు వంతు, గుణించినట్టు కనిపించింది. 2006లో విలిఫర్డ్, మాన్సెల్ కాంట్రాస్ట్‌ను మారుస్తూ చూసినప్పుడూ వంపు పక్కకు జరిగిన దానికన్నా పైకి సాగినట్టే ఉంది. అంటే స్పష్టమైన బొమ్మకే ఎక్కువ లాభం. ఇది నిజమైతే ‘ధ్యాస అంటే కాంట్రాస్ట్ పెరగడం’ అన్న మాట తప్పవుతుంది. పదేళ్ల పాటు రెండు వర్గాలూ ఎవరి లెక్కలు వాళ్లు చూపించాయి. చిక్కు విడిపోయింది కొత్త కొలతలతో కాదు, పాత ఆలోచన ఒకదాన్ని సరైన చోట పెట్టడంతో. 1992లో డేవిడ్ హీగర్, ఏ కణమూ తన స్పందనను ఒంటరిగా నిర్ణయించుకోదని ప్రతిపాదించాడు. తనకు అందిన ప్రేరణను చుట్టుపక్కల కణాలన్నిటి మొత్తం సందడితో భాగించి, ఆ భాగఫలాన్నే వెలువరిస్తుంది. పంక్తి భోజనంలో వడ్డన అందరికీ సరిపడా సాగాలంటే ఒక్కో విస్తరిలో ఎంత పడాలన్నది కూర్చున్నవాళ్ల మొత్తం లెక్క మీదే కదా ఆధారపడేది, అలాగే. స్పందన ఒక స్థాయి దాటాక చదునైపోవడానికి కారణం ఈ భాగహారమే. 2009లో రేనాల్డ్స్, హీగర్ కలిసి ధ్యాసను ఈ లెక్కలో భాగహారానికి ముందు, గుణకంగా పెట్టారు. అప్పుడు రెండు రకాల ఫలితాలూ ఒకే సూత్రం నుంచి వచ్చాయి. బొమ్మ చిన్నదై ధ్యాస పరిధి విశాలంగా ఉంటే, గుణకం విభాజ్యాన్నీ విభాజకాన్నీ కలిపి పెంచుతుంది, వంపు పక్కకు జరుగుతుంది. బొమ్మ పెద్దదై ధ్యాస ఇరుకైతే, విభాజకంలో కొంతే పెరుగుతుంది, వంపు పైకి సాగుతుంది. రేనాల్డ్స్ కోతులకూ మాన్సెల్ కోతులకూ తేడా వచ్చింది కణాల్లో కాదు, బొమ్మ ఎంత, ధ్యాస ఎంత మేర పరిచారు అన్నదాంట్లో.

ఏ సిద్ధాంతమైనా జరిగిపోయిన ప్రయోగాలను సర్దిచెప్పడం తేలిక, జరగబోయేదాన్ని చెప్పడం కష్టం. ఈ సూత్రం ఆ పరీక్షలోనూ నెగ్గింది. 2010లో హెర్మన్, మోంతాసర్-కూహ్సారీ, హీగర్, కరాస్కో మనుషులతో బొమ్మ పరిమాణాన్నీ ధ్యాస పరిధినీ కావాలని మార్చి చూశారు. ధ్యాస విశాలంగా పరిచినప్పుడు చిన్న బొమ్మల దగ్గర జనం గురి మసక పరిధిలో మెరుగైంది, ధ్యాస ఇరుకు చేసి పెద్ద బొమ్మలు చూపినప్పుడు స్పష్టమైన పరిధిలో మెరుగైంది, సూత్రం చెప్పినట్టే. మన పొరుగున బెంగళూరు ఐఐఎస్‌సీలో దృశ్య వల్కలం మీద పనిచేస్తున్న సుప్రతిమ్ రే, అంతకుముందు మాన్సెల్ ప్రయోగశాలలో ఉన్నప్పుడు ఎమీ నీ అనే శాస్త్రజ్ఞురాలితో కలిసి 2012లో చూపింది ఇంకో మెట్టు పైది: ఏ కణంలో ఈ భాగహారం బలంగా ఉందో ఆ కణంలోనే ధ్యాస ప్రభావం కూడా పెద్దది. అంటే ధ్యాస కోసం మెదడు విడిగా యంత్రం కట్టుకోలేదు. కాంట్రాస్ట్ లెక్క చూసే అదే యంత్రాన్ని వాడుకుంటోంది. కాంట్రాస్ట్‌కూ ధ్యాసకూ మధ్య మారకం ఎందుకు కుదురుతోందో ఇక్కడ అర్థమవుతుంది.

ఆ మారకపు రేటుతో మంచు రోడ్డు మీదికి వద్దాం. 100 మీటర్ల దృశ్యమానత ఉన్న ఉదయం కాంట్రాస్ట్ ఒకటిన్నర రెట్లు కావాలంటే వస్తువుకు ఎంత దగ్గర కావాలి? కోష్మీడర్ సూత్రం ప్రకారం 13.5 మీటర్లు. ధ్యాస ఇచ్చే లాభం కాంట్రాస్ట్‌ను ఒకటిన్నర రెట్లు చేయడంతో సమానం అనుకుంటే, ట్రక్కు ఉన్న చోట ముందే ధ్యాస పెట్టిన డ్రైవరుకు అది పదమూడున్నర మీటర్లు ముందుగా కనబడ్డట్టు. 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనులో ఎనిమిది పదో వంతులు. కోతి కణాల అంకెను తెచ్చి మనిషి చూపుకు అతికించిన ఉజ్జాయింపు లెక్క ఇది. దేన్ని ఎంతలో ఉంచి ఆలోచించాలో చెప్పడానికి మాత్రం సరిపోతుంది. సెకనులో ఎనిమిది పదో వంతులు తక్కువేమీ కాదు, బ్రేకు మీద కాలు పడటానికి పట్టే సమయం దరిదాపుల్లో ఉంటుంది. జాగ్రత్తగా చూడమన్న సలహాకు ఈ విలువ ఉంది, దాన్ని కాదనకూడదు. కానీ మంచు ఇంకాస్త దట్టమై దృశ్యమానత 50 మీటర్లకు పడితే, అదే ధ్యాస కొనిపెట్టేది ఏడు మీటర్లలోపే. మంచు ముదిరేకొద్దీ జాగ్రత్త విలువ తగ్గుతుంది. సలహా బాగా అవసరమైన రోజే అది తక్కువ ఇస్తుంది.

పైగా ఆ మీటర్లు ఉచితం కాదు. 1985లో జెఫ్రీ మోరాన్, డెసిమోన్ చూపిన సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే కణం జాగాలో రెండు బొమ్మలు ఉన్నప్పుడు ధ్యాస ఒకదాని మీద పెడితే, ఆ కణం రెండోది అక్కడ లేనట్టే స్పందించింది. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ల పక్కనే, అదే జాగాలో, దీపం లేని ఎడ్లబండి ఉందనుకుందాం. హెడ్‌లైట్ల కాంట్రాస్ట్ ఎలాగూ పరాకాష్ఠలో ఉంది, భాగహారంలో విభాజకాన్ని నింపేస్తుంది. డ్రైవరు సహజంగా, న్యాయంగా, ఆ లైట్ల మీదే ధ్యాస పెడతాడు. అప్పుడు బండి పోగొట్టుకునేది ధ్యాస అదనంగా ఇవ్వవలసిన లాభం ఒక్కటే కాదు, తనకు మామూలుగా దక్కవలసిన స్పందన కూడా. ఇందులో డ్రైవరు అలసత్వం ఏమీ లేదు. ప్రమాదం జరిగాక ‘కళ్లు కనబడలేదా’ అని నిలదీసేవాళ్లకు ఈ ప్రయోగం జవాబు చెబుతుంది: కన్ను చూసింది, బండి సంకేతం కణం దాకా వచ్చింది, అక్కడ పోటీలో ఓడింది.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న న్యాయమైనది. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ 1999లో ప్రచురించిన ప్రయోగపు వీడియోలో బంతి విసురుకునే ఆటగాళ్ల మధ్యకు గొరిల్లా వేషం వేసిన మనిషి నడిచివచ్చి గుండెలు బాదుకుని పోతుంది. విసుర్లు లెక్కపెట్టే పనిలో ఉన్న ప్రేక్షకుల్లో దాదాపు సగం మంది ఆ గొరిల్లాను గమనించనే లేదు. దాని కాంట్రాస్ట్ మసక ఏమీ కాదు, నల్లగా నిండుగా ఉంది. స్పష్టమైన వస్తువుకు ధ్యాస అవసరం లేదన్న వంపు ఇక్కడ ఏమైంది? నా ఉద్దేశంలో ఇది వాదనను కొట్టివేయదు, దాని హద్దును చూపిస్తుంది. వి4, ఎమ్‌టీ ప్రాంతాల్లో కణం లేవడం ఒక మెట్టు. ఆ సంగతి జ్ఞాపకానికి ఎక్కి ‘చూశాను’ అని చెప్పగలిగే దాకా ఇంకా మెట్లు ఉన్నాయి, వాటిలోనూ పోటీ ఉంది. పైగా ధ్యాస చేసేది స్పందన పెంచడం ఒక్కటే కాదు. కణాలు కట్టగట్టుకుని ఒకేసారి తడబడే అలవాటును కూడా తగ్గిస్తుందని మార్లీన్ కోహెన్, మాన్సెల్ 2009లో చూపించారు. వాళ్ల లెక్కలో గురి మెరుగవడంలో అధిక భాగం స్పందన పెరగడం వల్ల కాదు, ఈ గుంపు తడబాటు తగ్గడం వల్లే. కాబట్టి ఫోనులో మాట్లాడుతూ నడిపేవాడికి పోయేది పదమూడు మీటర్లే అనుకోకూడదు. కాంట్రాస్ట్‌లో చెప్పగలిగిన నష్టం అంత, చెప్పలేనిది దానికి పైన.

ఇంతకూ కాంట్రాస్ట్, ధ్యాస ఒకదానికొకటి మారకం అయ్యేవైతే, ఏది ఎవరి దగ్గర అడగాలన్నది తేల్చుకోవచ్చు. ధ్యాస డ్రైవరు దగ్గర పరిమితంగా ఉంది, ఒకచోట పెడితే ఇంకోచోట తగ్గుతుంది, నాలుగు గంటల ప్రయాణంలో అలిసిపోతుంది. కాంట్రాస్ట్ వస్తువుకు అతికించి వదిలేయగలిగింది. ట్రక్కు వెనక పలకకు, బండి చట్రానికి, చెరకు లోడు అంచున కట్టే తాడుకు ఎరుపు తెలుపు రేడియం స్టిక్కర్లు అంటిస్తే, హెడ్‌లైటు కాంతి వచ్చిన దారినే తిరిగి డ్రైవరు కంటికి చేరుతుంది. మట్టి, చెరకాకు కప్పేయకుండా తుడుస్తూ ఉండాలి, అంతే. పొద్దు వెలుగు వచ్చాక మంచులో స్టిక్కరు ఒక్కటే చాలదు, వెనక ఎర్రదీపం వెలిగి ఉండాలి. దీనివల్ల వచ్చే కాంట్రాస్ట్ ఒకటిన్నర రెట్లతో ఆగదు. ధ్యాస పెట్టినవాడికీ పెట్టనివాడికీ, ఫోను చూస్తున్నవాడికీ నిద్రమత్తులో ఉన్నవాడికీ అందరి మెదడులోనూ ఆ వంపు నిటారు భాగం దాటించే స్థాయికి తెస్తుంది. చెరకు తోలే రైతుకు ఇది చెప్పవలసింది భయపెట్టి కాదు. అతని బండి ఎంత పెద్దదైనా, ఎత్తైనదైనా, పరిమాణం కాంట్రాస్ట్‌కు బదులు కాలేదని చెబితే చాలు. మలుపు తిరిగి వచ్చే కొత్తవాడికి అది మంచులో మంచు రంగే.

డ్రైవరు కంటి వైపు నుంచీ ఒక పని మిగిలి ఉంది. కంటి పరీక్ష అంటే మనకు తెలిసింది తెల్ల పలక మీద నల్ల అక్షరాలు, కింది వరుస చదివితే 6/6. ఆ అక్షరాలన్నీ నూరు శాతానికి దగ్గర కాంట్రాస్ట్‌లో ఉంటాయి. అంటే వంపు చదునుగా ఉన్న భాగంలోనే చూపును కొలుస్తున్నాం. శుక్లం అప్పుడప్పుడే మొదలైన మనిషి లెన్సు కంట్లోకి వచ్చే కాంతిని కొంచెం చెదరగొడుతుంది, ఊరి మీది మంచు చేసే పనే కంటి లోపల చేస్తుంది. అతను ఆ పలక చదివి బయటపడవచ్చు, తెల్లవారుజామున ట్రక్కును మాత్రం పోల్చలేకపోవచ్చు. 50 దాటిన లారీ, జీపు డ్రైవర్లు ఇలా ఎందరో ఉంటారు, తమ చూపులో తగ్గింది ఏమిటో వాళ్లకే తెలియకుండా. దీనికి వేరే పలక ఉంది. 1988లో డెనిస్ పెల్లి, జాన్ రాబ్సన్ తయారుచేసిన దానిలో అక్షరాల పరిమాణం చివరిదాకా ఒకటే, మూడేసి అక్షరాలకు ఒకసారి కాంట్రాస్ట్ తగ్గుతూ పోతుంది. గోడకు తగిలించి, సరైన వెలుతురులో మీటరు దూరంలో నిలబెట్టి చదివిస్తే కొద్ది నిమిషాల పని. డ్రైవర్ల కోసం కంటి శిబిరాలు పెట్టేవాళ్లకు ఉత్తరాంధ్రలో కొదవ లేదు. శిబిరం గోడ మీద ఉన్న పలక పక్కన ఈ రెండో పలక కూడా వేలాడదీయాలి, అదీ చెరకు నరుకుళ్లు మొదలయ్యే ముందే.